మత్తు అన్న ఒక్క మాట

జిల్లాలు విడగొట్టిన ఏడాది, అంటే 2022లో, నేను నగరిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పక్కనున్న పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, మేము చిత్తూరు జిల్లాలోనే మిగిలాం. రోగాలకు ఆ సరిహద్దు తెలియదు కాబట్టి రెండు వైపుల నుంచీ జనం వచ్చేవారు. వారానికోసారి తిరుపతి నుంచి నరాల డాక్టరు వచ్చి ఓపీ చూసేవారు. మిగతా రోజుల్లో ఆ రోగుల గోడంతా వినేది నేనే. నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అంటారు. ఓపిక లేని మనిషి ఇన్నేళ్లు నర్సు పని చేస్తుందా అని నేను గట్టిగా కసురుకుంటాను. దాంతో వాళ్ల మాటే నిజమని తేలిపోతుంది.

మునిరత్నం పవర్‌లూమ్ నేతగాడు. యాభై దాటిన మనిషి, మగ్గాలు ఇంట్లోనే. మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు ఒంటి మీద చొక్కా లేదు. కుడివైపు పక్కటెముకల మీద కావితో రాసిన గీతలు ఎండి రాలిపోతున్నాయి. ఆయనకు అక్కి లేచింది. శరీరానికి ఒక పక్కన పట్టీలాగా పొక్కులు లేచే జబ్బు అది, ఇంగ్లీషులో హెర్పిస్ జోస్టర్ అంటారు. మా వైపు అక్కి లేస్తే ముందు కుమ్మరి దగ్గర కావితో రాయించుకుంటారు, ఆసుపత్రి ఆ తర్వాతే. పొక్కులైతే మానాయి గానీ, నరంలో నొప్పి నిలిచిపోయింది. చొక్కా తగిలితే పచ్చిపుండు మీద కారం రాసినట్టు ఉందని చెప్పాడు.

డాక్టరు ప్రీగాబాలిన్ రాశారు. రెచ్చిపోయిన నరాన్ని శాంతపరిచే మందు. నొప్పి తగ్గింది, కానీ ఏ మందూ మేలొక్కటే చేసి ఊరుకోదు. పాదాలు వాచాయి, తల తూలింది, మగ్గం మీద నూలుపోగు ఒకటి రెండుగా కనిపించింది. ఒకరోజు తెగిన పోగు ముడివేయబోతూ తూలి, చేయి మగ్గంలో పడకుండా వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. మగ్గంలో చేయి పడితే ఏమవుతుందో నగరిలో పసిపిల్లలకు కూడా తెలుసు. డాక్టరు మోతాదు కొంత తగ్గించారు. తల తిరగడం పూర్తిగా పోయేదాకా మగ్గం జోలికి పోవద్దని నేను కసిరాను. మెల్లగా అన్నీ సర్దుకున్నాయి. ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన కనిపించలేదు. రోగి కనిపించకపోతే బాగున్నాడని అనుకోవడం మా వృత్తిలో అందరికీ ఉండే ఆశ.

మళ్లీ కనిపించింది డాక్టరు రాని రోజున. పొద్దున్నే భార్య దేవకి ఆయన్ని ఆటోలో తీసుకొచ్చింది. గుండెపోటేమోనని ఆమె భయం. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, గుండెదడ. కంటి మీద కునుకు లేదట, కడుపులో ఏదీ నిలవడం లేదట. వీటికి తోడు పాత మంట మళ్లీ లేచింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఈసీజీ తీశాం, షుగర్ చూశాం, డ్యూటీ డాక్టరు కూడా పరీక్షించారు. గుండెకు ఏమీ లేదు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అన్నా అని అడిగితే ఆయన గోడవైపు తిరిగిపోయాడు. దేవకే చెప్పింది. మాత్రల కోసం మెడికల్ షాపుకు వెళ్లొచ్చిన రోజునుంచి మానేశాడట, ఇంట్లో మిగిలినవి కూడా కాలవలో పారేశాడట.

అప్పుడు అర్థమైంది. ప్రీగాబాలిన్‌ను నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే శరీరం తిరగబడుతుంది. దాన్ని విత్‌డ్రాయల్ అంటారు. తిరుపతి డాక్టరుకు ఫోన్ చేశాను. వెంటనే మాత్ర మొదలుపెట్టమన్నారు. ఆపాలంటే తర్వాత మెట్టుమెట్టుగా మోతాదు దించుతూ రావాలి, దాన్నే టేపరింగ్ అంటారు. ఇలాగే వదిలేస్తే ఫిట్స్ రావచ్చు, ఇంటికి పంపొద్దని కూడా చెప్పారు.

మాత్ర, నీళ్లు తీసుకెళ్లాను. ఆయన నోరు తెరవలేదు. బతిమాలాను, బెదిరించాను, ఫిట్స్ అంటే ఏమిటో చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అనుకుని ఒళ్లు మండిపోయింది. దేవకి కాఫీ తేవడానికి బయటికి వెళ్లాక ఆయనే మెల్లగా నోరు విప్పాడు.

"షాపాయన చెప్పినాడు సిస్టర్, అవి మత్తు మాత్రలంట. కొత్త చీటీ లేకుండా ఇయ్యకూడదంట."

షాపతను తప్పేమీ చేయలేదు. పాత చీటీకి ఆ మందు ఇవ్వకపోవడమే సరైన పని. చిక్కంతా ఆ మాటలో ఉంది. మన భాషలో నిద్రమబ్బూ మత్తే, తాగుడూ మత్తే.

మునిరత్నం ఒకప్పుడు బాగా తాగేవాడు. కూతురు భువన బడికి పోయే రోజుల్లో ఆ పిల్లను వెంటబెట్టుకుని కాణిపాకం వెళ్లి, ఇక తాగనని ప్రమాణం చేశాడు. మా జిల్లాలో తాగుడు మానాలనుకున్నవాళ్లు చాలామంది చేసే పనే అది. అక్కడి ప్రమాణం తప్పితే స్వామి ఊరుకోడని నమ్మకం. ఆ రోజునుంచి ఆయన చుక్క ముట్టలేదు. ఇప్పుడా భువన నిండు గర్భిణి. సూళ్లూరుపేటలోని అత్తగారింటి నుంచి తొలి కాన్పుకు వచ్చి ఉంది.

"ప్రమాణంలో సారాయని నేను అనలేదు సిస్టర్. ఇంక మత్తు నోట పెట్టనని అన్నా. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి అన్నా. ఇన్నాళ్లూ తెలీక తిన్నా. ఇప్పుడు తెలిసి తింటే దానికేమన్నా అయితే?"

దానికి తోడు ఇంకో రుజువు కూడా ఉంది ఆయన దగ్గర. సారాయి మానినప్పుడు కూడా సరిగ్గా ఇట్లాగే చెమటలు పట్టాయి, ఇట్లాగే చేతులు వణికాయి. కాబట్టి ఈ మాత్ర కూడా తాగుడే అని తీర్మానించుకున్నాడు. అలవాటు పడిన శరీరం ఏ మందు తీసేసినా గొడవ చేస్తుందని, దానికీ తాగుడుకీ పొత్తు లేదని నాకు చేతనైనంతగా చెప్పాను. అన్నిటికీ తల ఊపాడు, నోరు మాత్రం తెరవలేదు. నాకు కోపం పోయి భయం పట్టుకుంది. ఏ నిమిషాన ఫిట్స్ వస్తాయోనని ఆయన చేతులవైపే చూస్తూ కూర్చున్నాను. భువనను పిలిపించనా అని అడిగాను. అవుననలేదు, కాదనలేదు. అవునన్నట్టే తీసుకున్నాను.

ఆ పిల్ల నడుం పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. తండ్రి ఎదురుగానే విషయమంతా చెప్పాను. విని మంచం అంచున కూర్చుంది.

"నాయనా, ఆ పొద్దు నిన్ను నేనేమడిగినానో గుర్తుండాదా? మత్తు మానమని అడగలేదు. సాయంత్రం ఇంటికొచ్చేది మా నాయనే అయ్యుండాలని అడిగినా."

నా చేతిలోని మాత్రవైపు వేలు చూపించింది.

"ఈ మాత్ర తిన్నన్ని దినాలూ నువ్వు మా నాయన మాదిరే ఉండావు. మానినాకనే గుర్తుపట్టేదానికి కాకుండా పొయినావు. ప్రమాణం నా మీదనే గదా చేసినావు? నేనే ఇస్తా ఉండా, మింగు."

నా చేతిలో మాత్ర ఆమె తీసుకుంది, ఆమె చేతిలోది ఆయన తీసుకున్నాడు. పెదాలు కదిలాయి, ఏ దేవుడికి ఏం చెప్పుకున్నాడో తెలియదు. మింగాడు.

ఆసుపత్రిలోనే ఉంచి చూశాం. వణుకు, దడ రెండ్రోజుల్లో తగ్గాయి. ప్రమాణం తప్పానన్న భయం తగ్గలేదు. టేపరింగ్ మొదలైంది. ఒక మెట్టు దిగినప్పుడల్లా కొన్నాళ్లు నిద్ర చెడేది, చెమట పట్టేది. కష్టంగా ఉన్న మెట్టు మీద డాక్టరు ఇంకొన్నాళ్లు ఆపేవారు. ఇంటికి పంపాక కూడా మునిరత్నం వచ్చి మా ఓపీ బెంచీ మీద కూర్చునేవాడు. తన గురించి అడిగితే చెప్పేవాడు కాదు, అడిగేదంతా కూతురి గురించే. ఒకరోజు భువన పాదాలు వాచాయట. నా కాళ్ల వాపే దానికి పోయిందా సిస్టర్ అన్నాడు. నవ్వొచ్చింది, నవ్వకుండా ఆ పిల్లను పిలిపించి బీపీ చూశాను. మామూలుగానే ఉంది. ఆ మాట చెప్పినా ఆయన మొహంలో నమ్మకం కనిపించలేదు.

నొప్పులు మొదలవగానే భువనను తిరుపతి తీసుకెళ్లారు. ఆయన వెంట వెళ్లలేదు. ప్రమాణం తప్పిన మనిషి నీడ అక్కడ పడకూడదట. వచ్చి మా బెంచీ మీదే కూర్చున్నాడు. నేను ఇంజక్షన్లు వేస్తున్నానే గానీ చెవులు ఆయన ఫోన్ మీదే ఉన్నాయి. ఆ పిల్లకు ఏమైనా అయితే ఈయన మందు మానడమే కాదు, బతకడు. నాకు అంతా సైన్సే, ఇట్లాంటి నమ్మకాలు లేవని చెప్పుకు తిరిగే మనిషిని. అయినా మనసులో కాణిపాకం స్వామికి దండం పెట్టుకున్నాను.

ఫోన్ మోగింది. ఎత్తకుండానే నా చేతికిచ్చాడు. అవతల దేవకి. బిడ్డ అడ్డం తిరిగిందని ఆపరేషన్ చేశారట. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. విన్నది విన్నట్టు ఆయనకు చెప్పాను.

"ఆపరేషనంటే మత్తిచ్చినారా?"

"నడుముకు మత్తు సూదేసినారంట అన్నా."

నా చేతిలోని ఫోన్ చూపించాడు.

"దిగిందా?"

ఫోన్‌లో దేవకినడిగాను. దిగింది, కాళ్లు కదిలిస్తోంది, నాయన యాడుండాడని అడుగుతోంది అని చెప్పింది. అదే ఆయనకు చెప్పాను. తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు. ఏడుపు తగ్గాక తువ్వాలు తీయకుండానే అన్నాడు.

"నాకూ దిగతాదిలే సిస్టర్."

దిగింది. ఇంకొన్ని వారాలకు ఆఖరి మాత్ర కూడా ఆగిపోయింది. నొప్పి పూర్తిగా పోలేదు, పలచని చొక్కాలే వేసుకుంటాడు, మగ్గం మీద కూడా మునుపటంతసేపు కూర్చోడు. అయినా మాత్రలు ఆగేదాకా చూడకుండా, ఆ ఫోన్ వచ్చిన మర్నాడే తిరుపతికి వెళ్లి కూతురి పక్కన కూర్చుని, మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు.

కొత్త మాత్ర ఎవరికిచ్చినా బీపీ ఉందా, షుగర్ ఉందా, ఇంకే మందులైనా వాడుతున్నారా అని అడగాలని మాకు నేర్పారు. అవన్నీ అడుగుతాను. చెప్పకుండా ఆపొద్దని రెండుసార్లు చెబుతాను. నిద్రమబ్బుగా ఉంటుందంటాను గానీ మత్తు అనను. చివర్లో ఇంకొకటి అడుగుతాను, మొక్కుగానీ ప్రమాణంగానీ ఏమైనా ఉందా అని. చాలామంది నవ్వుతారు. ఎప్పుడో ఒకరు నవ్వకుండా తల దించుకుంటారు. వాళ్ల దగ్గర మాత్రం స్టూలు లాక్కుని కూర్చుంటాను.