గ్రహశకలం మీదికి విసురు వల

నా నోరు మంచిది కాదు. మూడు తరాలుగా బడిపంతుళ్లం, వెటకారం మాకు వారసత్వం. గుడివాడ నుంచి బదిలీ మీద హంసలదీవి దగ్గర హైస్కూలుకి వచ్చాక దాన్ని బాగా వాడుకున్నాను.

ఆ ఏడు బందరులో జిల్లా సైన్స్ ఫెయిర్‌కి మా బడి నుంచి ఒక్క ప్రాజెక్టే వెళ్లాలి. ఎంపిక నాది. చేపలు పట్టేవాళ్ల అమ్మాయి ఒకతి, పదో తరగతి, గ్రహశకలాల్లో ఖనిజాలు తవ్వడం గురించి చేసింది. ఎంపికైతే ఇంటర్ చదివిస్తాననీ, లేదంటే చదువు మాన్పిస్తాననీ వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు.

"అక్కడ బరువుండదు కదండీ. డ్రిల్ పెట్టి నొక్కితే అది దిగదు, మనమే వెనక్కి పోతాం. తవ్విన పొడి కూడా ఎగిరిపోద్ది. అందుకని ముందు వలేసి రాయిని చుట్టెయ్యాలి సార్," అంది. థర్మాకోల్ ఉండ మీద నిజం విసురు వల, అంచున సీసపు గుళ్లు.

"బరువే లేనిచోట సీసం ఏం చేస్తుందే? నీ వల ముద్దలా వెళ్లి తగుల్తుంది. ఆకాశంలో చేపల పులుసు పెడదామనుకున్నావా?"

క్లాసంతా విరగబడి నవ్వింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో నాకు!

"అది కాదండీ, వల..." అంటూ చెయ్యి గుండ్రంగా తిప్పింది.

"చాల్లే, కూర్చో."

వేరే పిల్లలు చేసిన ఇంకుడు గుంత నమూనా ఫెయిర్‌కి వెళ్లింది.

నీచు వాసన పడదని నేను రేవు వైపే వెళ్లేవాణ్ణి కాదు. మూడేళ్ల తర్వాత, చుట్టాలకి సాగరసంగమం చూపించబోతే, ఆ పిల్ల తండ్రి వల విసురుతూ కనిపించాడు. నడుం తిప్పి విసిరాడు. వల గాల్లోనే గుండ్రంగా విచ్చుకుంది, ఆ తర్వాతే నీళ్లను తాకింది. గుళ్లను బయటికి లాగింది బరువు కాదు, ఆ తిప్పుడు. బరువు లేకపోయినా జడత్వం పోదు. ఏటా తొమ్మిదో తరగతికి నేను చెప్పే పాఠమే అది!

ఆయన్ని అడిగి వెతుక్కుంటూ వెళ్తే, ఆ అమ్మాయి రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది. వేళ్లు ఐసుకి తెల్లగా పాలిపోయాయి.

"నువ్వు చెప్పిందే రైటమ్మా," అన్నాను.

"వల గాల్లోనే విచ్చుకుంటది కదే, వెళ్లి సార్‌తో మాట్లాడతానని ఆ రోజే అన్నాడండీ నాన్న," అంది తలెత్తకుండా. "సార్‌కి తెలీదా అని నేనే ఆపేశాను."