కాగితం మీద కాలిపోయిన గుట్ట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద మా షెడ్డు ఉంది. ముందు భాగంలో నీళ్ల సీసాలు, పాల కవర్లు, అట్టపెట్టెలు ఉంటాయి. వాటిని కొనేవాళ్లున్నారు. వారానికోసారి బండి వచ్చి ఎత్తుకుపోతుంది. వెనక గోడ దగ్గర మాత్రం మనిషెత్తు దాటిన ఒక గుట్ట ఉంది. చిప్స్ కవర్లు, బిస్కెట్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, లోపల వెండిరంగు పూత ఉన్నవన్నీ అందులోనే. వాటిని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు.

కాగితాల ప్రకారం ఆ గుట్ట లేదు. అది తొమ్మిది లారీల్లో వెళ్లి, ఎక్కడో సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో కాలిపోయింది. ఆ కాగితాల కింద ఉన్న సంతకం నాది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంటికొచ్చిన మనిషి కాగితం చాపితే అతని ఎదుట దాన్ని చదవకూడదు. చదివితే నిన్ను నమ్మడం లేదని మొహం మీద చెప్పినట్టే. ఎల్లారెడ్డిలో పటేలుగా బతికిన మా తాత అలా సంతకం పెట్టి చెరువు కింది తరి భూమి పోగొట్టుకున్నాడు. మా నాన్న అలాగే బియ్యం మిల్లు పోగొట్టుకున్నాడు. ఈ సంగతులు మా ఇంట్లో సిగ్గుపడుతూ చెప్పుకోలేదు. “పోతే పోయింది, మనం చిల్లరగా ప్రవర్తించలేదు” అని తల ఎత్తి చెప్పుకున్నారు. నేను ఆ మాటలు వింటూ పెరిగాను. చెత్త కొని అమ్మే పనిలోకి దిగినా ఆ పద్ధతి ఒక్కటి వదల్లేదు.

పోయినేడు వానలకు ముందు హైదరాబాదు నుంచి ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్లో కార్డు. కొత్త చట్టం గురించి చెప్పాడు. కంపెనీలు ఎంత ప్లాస్టిక్‌ను బజారులోకి వదులుతాయో అంతకు తగ్గట్టు వెనక్కి సేకరించి, సరైన చోటికి చేర్చాలి. అయితే చిప్స్ కంపెనీ వాళ్లు ఎల్లారెడ్డి అంగట్లో తిరిగి కవర్లు ఏరరు కదా. అందుకు మధ్యలో ఇతని సంస్థ లాంటివి ఉంటాయి. మాలాంటి షెడ్ల నుంచి సరుకు ఎత్తి, కొలిమికి పంపి, ఇంత చెత్త తీసేశామని కంపెనీకి సర్టిఫికెట్ ఇప్పిస్తాయి.

“మీరు పోగు చేయించండి చాలు సార్. నెలనెలా మా లారీ వస్తుంది” అంటూ సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. “ఇది ఊరికే ఫార్మాలిటీ. ఒక్కోదాని కింద ఒక్క సంతకం.”

మా దగ్గర చెత్త వేరుచేసే ఆడవాళ్లందరికీ పెద్ద ఒక అవ్వ. లింగంపేట నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన చేతులు. కవరును పిడికిట్లో నలిపి, ఆ చప్పుడును బట్టి లోపల వెండిపూత ఉందో లేదో చెప్పేస్తుంది. ఆమె అక్కడే కూర్చుని కవర్లు వేరుచేస్తోంది.

“పటేలా, అండ్ల ఏం రాసిండో జర సదువు. మేం గూడ ఇంటం” అంది.

“ఇంటికొచ్చినోని ముంగట సదువుతరా అవ్వా?”

“నేనైతే బీడీల కార్ఖానల సదివి ఇనిపిస్తేనే ఏలిముద్ర ఏసేదాన్ని. మీరంటే పెద్దోళ్లు. మీకు నడుస్తది.”

ఎత్తిపొడుపు అని తెలిసింది. ఇంకాస్త నిటారుగా కూర్చుని అన్నిటి మీదా సంతకం పెట్టాను. అతను వెళ్లాక ఆడవాళ్లందరినీ పిలిచి చెప్పాను. “ఇగ సప్పుడు చేసే కవర్లు గూడ ఏరుకొని రాండ్రి. లారీ వచ్చి ఎత్తినప్పుడు దానికి గూడ కూలి వస్తది. నా మాట.”

వాళ్లు ఆ మాట పట్టుకుని వానాకాలమంతా ఏరారు. కామారెడ్డి బస్టాండు వెనక, బడుల గోడల పక్కన, ఎల్లారెడ్డి అంగడి ఎత్తేసిన తర్వాత బురదలో ఏరారు. నెత్తి మీద యూరియా సంచి కప్పుకుని, తడిసిన కవర్లు విదిలించి తెచ్చారు. లారీ రాలేదు. ఫోన్ చేస్తే వచ్చే వారం అన్నాడు. ఆ తర్వాత పండగ తర్వాత అన్నాడు. గాలి లేస్తే కవర్లు ఎగిరి పక్క పొలంలో నాట్ల మీద పడేవి. అవ్వే వెళ్లి నీళ్లలో దిగి ఏరుకొచ్చేది. “మీ లారీ తొవ్వ తప్పి జుక్కల్ దిక్కు పోయినట్టుంది పటేలా” అనేది. నవ్వేది కాదు.

ఒక మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు.

“సార్, రేపు తనిఖీకి వస్తున్నారట. వెనక ఉన్న సరుకంతా ఇవాళే కాల్పించేయండి.”

“లారీ ఏది?”

“లారీలు వచ్చినట్టు రాశాం కదా సార్.”

“ఎవరు రాసిండ్రు?”

“సంతకాలు మీవే కదా సార్.”

అతని గొంతులో బెరుకు లేదు, సిగ్గు లేదు. కరెంటు బిల్లు సంగతి మాట్లాడినట్టు మాట్లాడాడు. ఫోన్ పెట్టేసి వెనక గోడ దగ్గరికి వెళ్లాను. గుట్టలోంచి ఒక కవరు లాగి చూశాను. దాని మీద చెత్తబుట్ట బొమ్మ ఉంది. తిన్న తర్వాత బుట్టలో వేయమని తినేవాడికి హితవు. ఐదు రూపాయల ప్యాకెట్ కొన్న బడిపిల్లకు బాధ్యత నేర్పుతారు. ఆ బుట్టలోంచి దాన్ని వెనక్కి తీసుకోవలసిన తమ బాధ్యతను మాత్రం ఒక సర్టిఫికెట్‌తో తీర్చేసుకుంటారు. ఆ సర్టిఫికెట్ వెనక లారీ ఉందా, లారీలో సరుకు ఉందా అని ఒక్క కంపెనీ అయినా మనిషిని పంపి చూడలేదు. వానలో తడిసింది మా షెడ్డు ఆడవాళ్లు. చట్టాన్ని పాటించామని రాసుకున్నది కంపెనీలవాళ్లు. అందుకు మధ్యలో వాడుకున్నది నా పేరు. దాన్ని నేనే పళ్లెంలో పెట్టి ఇచ్చాను.

విషయం అవ్వకు చెప్పాను.

“కాలవెడితే మా కష్టం గూడ కాలుతది గద” అంది. చేతిలో కవరు నలిపి గుట్ట మీదికి విసిరింది. “సంతకం నాది కాదను. వాడే దొంగ సంతకం పెట్టిండని చెప్పు. ఎవలు సూసిండ్రు?”

“నువ్వు సూసినవ్.”

“నాకు కండ్లు కనవడయి” అంది, ఆ కళ్లతోనే నన్ను సూటిగా చూస్తూ.

మర్నాడు జీపులో ఒక అధికారిణి వచ్చింది. ముందుగా గుట్ట చుట్టూ తిరిగింది. తర్వాత ఫైలు తెరిచి, లారీల నంబర్లను ఒక్కొక్కటిగా ఫోన్‌లో కొట్టి చూసింది. మూడో నంబరు దగ్గర ఆగింది.

“ఇది లారీ నంబరు కాదు. స్కూటర్‌ది” అంది. “పది టన్నులు తీసుకెళ్లినట్టు రాశారు.”

“స్కూటర్ మీదనా?” అవ్వ అందుకుంది. “వెనక పట్టుకోని కూసున్నోడు ఎవడో గని, వాని చేతులకు దండం పెట్టాలె!”

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. అధికారిణి నవ్వలేదు. కాగితాలు నా ముందు పెట్టింది. “ఈ సంతకాలు మీవేనా?”

అవ్వ నా వంక చూసింది. కాదంటే అక్కడితో నేను బయటపడతాను. కానీ ఆ సంతకం మా తాత పెట్టిన తీరులోనే పెడతాను. చివర అడ్డగీత, దాని కింద రెండు చుక్కలు. దాన్ని నాది కాదనడానికి నోరు రాలేదు.

“నావే. లారీలు రాలేదు. చదవకుండా పెట్టాను.”

“మీ షెడ్డు రిజిస్ట్రేషన్ పోవచ్చు. మీ మీద కూడా చర్య ఉండొచ్చు. తెలుసు కదా?”

“రాయండి.”

ఆమె నా వాంగ్మూలం రాసి, పెన్నుతో సహా కాగితం నా వైపు చాపింది. అలవాటు కొద్దీ నా చేయి నేరుగా అడుగు భాగానికి పోయింది. అవ్వ గొంతు సవరించుకుంది.

పెన్ను పక్కన పెట్టి కళ్లజోడు తీసుకున్నాను. ఆడవాళ్లందరికీ వినపడేలా మొదటి మాట నుంచి చదివాను. అధికారిణి గడియారం చూసుకుంది. “జర సదువనియ్యి అమ్మా, వాళ్లింట్ల ఇదే మొదలు” అంది అవ్వ. మూడో వరుసలో అధికారిణి జాలిపడి రాసిన ఒక మాట తగిలింది. ‘మోసపోయి సంతకం చేశాను’ అని ఉంది.

“మోసపోయి అన్నది కొట్టెయ్యండి” అన్నాను. “చదవడం నామోషీ అనుకుని, నా ఇష్టంతోనే చేశాను. అలా రాయండి. లారీ వస్తుందని ఈ ఆడవాళ్లకు నేను మాట ఇచ్చినట్టు, వాళ్ల కూలి ఇంకా ముట్టనట్టు కూడా రాయండి.”

ఆమె కొట్టేసి, రాసింది. నేను మళ్లీ మొదటి నుంచి చదివి, అడుగున సంతకం పెట్టాను.

“ఇప్పుడు సరిగున్నది” అని అవ్వ లేచి, దుమ్ము అంటిన బొటనవేలును చీర కొంగుకు తుడుచుకుంది. “సాచ్చెం నాది. ఏలిముద్ర యాడ ఎయ్యాలె?”