రెండో కాగితం

ముప్పై ఏళ్లు కావస్తోంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నబిడ్డకూ చెప్పలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను కరీంనగర్‌లో తెలుగు టీచర్ని. ఏటా మా బడిలో పుస్తకాల పండుగ చేస్తాం. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి, చిన్నప్పుడు మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది టీచర్ అని అడుగుతుంది. ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకుంటాను. నిజంగా నచ్చిన పుస్తకం వేరే ఉంది. దాని పేరు నాకు తెలియదు, నా చేతికి వచ్చేసరికే అట్ట ఊడిపోయింది. ఎవరూ తీసుకుపోని ఒక చొక్కా పట్టుకుని, దాన్ని కుట్టమన్న మనిషి కోసం ఊరూరా తిరిగే దర్జీ కథ అది. ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఆ చొక్కా తనదేనంటారు, తొడుక్కుంటే భుజాల దగ్గర బిగుస్తుంది. అబ్బ, ఎంత బాగుండేదని! ఇప్పటికీ కొన్ని పేజీలు చూడకుండా అప్పజెప్పగలను. ఆ పుస్తకం కోసం నేను ఒకరి కాపురం పాడుచేశాను.

మాది కోరుట్ల దగ్గర పల్లె. ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసేవారు, మగవాళ్లు దుబాయి పోయేవారు. అప్పుడు నేను ఆరో తరగతి. మా వాడకు వచ్చే ఉత్తరాలన్నీ నేనే చదివిపెట్టేదాన్ని. పక్కింటి లచ్చవ్వ చిన్నమ్మకు చదువు రాదు. ఆమె భర్త మల్లయ్య చిన్నాయిన దుబాయిలో ఉండేవాడు. ఆయన ఉత్తరం వస్తే చిన్నమ్మ చేతులకంటిన తంబాకు కడుక్కుని మరీ పట్టుకొచ్చేది.

ఆ ఆదివారం మా మేనత్త కూతురు జమ్మికుంట నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. ఆ పుస్తకం ఆమెది. మూడింటి బస్సుకు తిరిగి వెళ్లిపోతుంది. ఈలోగా చదివి ఇచ్చేయాలి, ఇంకా ఇరవై పేజీలున్నాయి. సరిగ్గా అప్పుడే చిన్నమ్మ ఉత్తరం తెచ్చి నా ముందు కూర్చుంది. ఒళ్లు మండింది నాకు, నిజం చెబుతున్నాను. రెండు కాగితాలున్నాయి. మొదటిది గబగబా చదివేశాను. అక్కడి ఎండలు, తిండి, తమ పిల్ల బడికి పోతోందా లేదా అని. రెండోదాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టి మూసేశాను. ఆయన ఉత్తరాలన్నిటి చివరా పేర్ల వరుస ఉండేది, ఫలానా వాళ్లను అడిగినట్టు చెప్పు అని. ఇదీ అదే అనుకున్నాను.

"అయిపోయింది చిన్నమ్మా."

"గప్పుడేనా? గా ఇంకో కాయితం నిండ రాసిండు గదనే?"

"అన్ని పేర్లే. అందరిని అడిగినట్టు చెప్పుమన్నడు."

"ఇంకేం రాయలేదా బిడ్డా? జర మంచిగ చూడు."

"ఏం లేదు చిన్నమ్మా. నేను చూసిన."

"సరే తియ్యి. ఆయిన పానం మంచిగుంటె సాలు. నువ్వు సదువుకో."

రెండోది అడగకుండా మొదటి కాగితమే మడుచుకుని వెళ్లింది. నేను చదువుకున్నాను. బస్సు వచ్చేలోపు పూర్తి చేశాను. పుస్తకం ఇచ్చేస్తూ ఆ కాగితాన్ని నా నోటుబుక్కులో పెట్టి మరిచిపోయాను.

గురువారం బడి నుంచి వచ్చి నోటుబుక్కు తెరిస్తే అది కింద పడింది. అప్పుడు చదివాను. ఒక్క పేరు కూడా లేదు. ఇంకో రెండేళ్లు ఉండమని కంపెనీ సంతకం అడుగుతోందట. ఒంట్లో పానం బాగుండటం లేదట, ఇంటికి రావాలని ఉందట. పన్నెండో తారీఖు శుక్రవారం పగలు కోరుట్ల బస్టాండు దగ్గరి ఫోన్ బూత్‌కు చేస్తాను, నువ్వు రా, రమ్మంటే వస్తాను, రాకపోతే ఉండమన్నట్టే అనుకుంటాను అని రాశాడు. పన్నెండో తారీఖంటే మర్నాడే.

కాగితం పట్టుకుని చిన్నమ్మ ఇంటికి పరుగెత్తాను. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చాటలు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి చిన్నమ్మ వాళ్లతో, "గీ పిల్ల సదివితె ఆయినే ఎదురుంగ కూసోని మాట్లాడినట్టుంటది" అంది. వాళ్లంతా నావైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ నలుగురి ముందు అబద్ధమాడానని ఎలా చెప్పను? మా నాన్న, బాపుకు తెలిస్తే కొట్టడు, పుస్తకాలు బంద్ చేస్తాడు. దెబ్బలకు భయపడేదాన్ని కాదు. పుస్తకాలు లేని ఎండాకాలం సెలవులు తలుచుకునేసరికి కాళ్లు వెనక్కి తిరిగాయి. శుక్రవారం పగలంతా బడిలో కూర్చున్నాను. సాయంత్రం ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాను.

పదకొండేళ్ల పిల్లకేం తెలుసు అంటారేమో. నేనూ అలాగే చెప్పుకున్నాను చాలాకాలం. కానీ ఆ మరుసటి ఉత్తరం మాటేమిటి? నెల తరువాత వచ్చింది. "నువ్వు రాలేదు. నీ మనసు తెలిసింది. ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టిన" అని ఉంది అందులో. అప్పుడు నా చేతిలో ఏ పుస్తకమూ లేదు, ఏ బస్సూ బయలుదేరడం లేదు. చిన్నమ్మ నా మొహంలోకే చూస్తోంది. నేను చివరి మాట ఒక్కటే పైకి చదివాను. ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టిన. ముందు రెండు మాటలూ నాలోనే ఉంచుకున్నాను. చిన్నమ్మ ఉత్తరం మడిచి రొండిన దోపుకుని వెళ్లిపోయింది.

రెండేళ్లు తొమ్మిదేళ్లయ్యాయి. మధ్యలో సెలవుల మీద వచ్చినా చుట్టంలా ఉండి పోయేవాడు. తను అక్కరలేదనుకున్నదని ఆయన, తనను మరిచిపోయిండని ఆమె. ఒక ఇంట్లో ఉండి ఇద్దరూ పిల్ల చేత మాటలు చెప్పించుకునేవారు. పూర్తిగా వచ్చేసరికి ఆయనకు ఒక మూత్రపిండం చెడిపోయి ఉంది. పిల్ల పెళ్లీడుకొచ్చింది. ఇవన్నీ గోడ ఇవతలి నుంచి విన్నాను. మంచి మార్కులు తెచ్చుకున్నాను. టీచర్నయ్యాను.

పోయిన నెల చిన్నాయిన చనిపోయాడు. పదో దినానికి వెళ్లాను. చిన్నమ్మ నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వచ్చిన చుట్టాలందరి ముందు అంది:

"ఒక్కపారన్న ఇంటికొస్తనని అడుగలే బిడ్డా నీ చిన్నాయిన. అడిగితె నేనద్దంటనా? నువ్వే చెప్పు. అన్ని ఉత్తరాలు నువ్వే సదివితివి గద."

అందరూ నావైపు చూశారు. నేను తల ఊపాను. అవును, అడగలేదు అన్నట్టు.

ఎందుకు ఊపాను? పదో దినం నాడు ఆమెను ఇంకా ఏడిపించడమెందుకని అనుకున్నానా? అలా అనుకుంటే బాగుండేది. భయపడ్డాను, అంతే. ఆయన చివరిదాకా ఆమె వద్దన్నదనుకునే పోయాడు, ఆయన కోసం ఇక చేయగలిగింది లేదు. ఆమె ఉంది. రోజూ తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ ఉంది. ఆయన రావాలనుకున్నాడన్న ఒక్క మాట ఆమెకు చెందాల్సింది, నా దగ్గర ఉండిపోయింది.

ఇదంతా రాసిన తరువాత గుండె కాస్త తేలికపడింది. ఆ తేలికకు సిగ్గుగానూ ఉంది. ఎందుకంటే చిన్నమ్మకు దీన్ని చదవడం రాదని తెలిసే రాశాను. రేపెవరైనా ఈ కాగితాలు తెచ్చి ఆమె చేతిలో పెడితే, చేతులు కడుక్కుని తీసుకుంటుంది. చదివిపెట్టమని నన్నే పిలుస్తుంది.