రంపపు పొట్టు సున్నుండలు

రాయపూర్ చలి గురించి పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదు. విశాఖపట్నం పిల్లని, స్వెటరంటే ఊటీ వెళ్లేవాళ్లు కొనుక్కునే వస్తువనుకునేదాన్ని. గుఢియారీలో రైలు పట్టాల పక్కన అత్తారింట్లో మొదటి డిసెంబరు వచ్చేసరికి రెండు శాలువాల మూటనైపోయాను.

ఆ ఇంట్లో స్నానాలకు నీళ్లు కాగేది సిగ్డీ మీద, అంటే బొగ్గుల కుంపటి మీద. దాన్ని వెలిగించే హక్కు అత్తయ్యది. రిటైరైన నర్సు, వార్డులకు వార్డులే హడలెత్తించిన మనిషి. కిరోసిన్ దొరకడం మానేశాక కాగితాలూ పుల్లలూ పేర్చి అరగంట ఊదేది, దగ్గేది, మళ్లీ ఊదేది. నేను వెలిగిస్తానంటే వినదు. ఒకసారి ఇచ్చినందుకు ఇల్లంతా పొగపెట్టానట. పెట్టాను, నిజమే. ఒక్క పొరపాటుకి జన్మంతా నిషేధమా? ఎలాగైనా ఆ కుంపటి నా చేతికి రావాలని పంతం పట్టాను.

క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు చర్చి నుంచి సంచెడు తెచ్చాను. వీధి చివర వడ్రంగిని అడిగి రంపపు పొట్టు తెచ్చాను. వేడినీళ్లలో డబ్బా పెట్టి మైనం కరిగిస్తే ఎరుపూ తెలుపూ పచ్చా కలిసి బురద రంగుకొచ్చాయి. అందులో పొట్టు కలిపి, చేతులు చురుక్కుమంటుంటే ఉఫ్ ఉఫ్ అనుకుంటూ ఉండలు చుట్టాను. నా చేతులకు తెలిసిన కొలత ఒకటే కదా, అచ్చం సున్నుండల్లా వచ్చాయి. ఆరడానికి స్టీలు పళ్లెంలో సర్ది, మురిసిపోతూ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆంటీ పండగ పలకరింపుకి వచ్చి కూర్చుంది. కళ్లజోడు లేని అత్తయ్య, సున్నుండలే అనుకుని ఆ పళ్లెం ఆవిడ ముందు పెట్టేసింది. ఆంటీ అప్పటికే ఒకటి సగం కొరికింది. పాపం మర్యాదస్తురాలు, నమిలింది. చాలాసేపు నమిలింది.

“అచ్ఛా హై దీదీ, బస్, థోడా కడక్ హో గయా” అంది చివరికి. బాగున్నాయట, కాస్త గట్టిపడ్డాయట.

నేను రెండు భాషల్లోనూ నిజం చెప్పేశాను. ఆంటీ నోరు కడుక్కోవడానికి పరుగెత్తింది. అత్తయ్య పళ్లేన్ని చూసింది, నన్ను చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ముందు ఆవిడ భుజాలు కదిలాయి. తర్వాత గోడ పట్టుకుని మరీ నవ్వింది. నేను నేల మీద కూలబడి కడుపు పట్టుకున్నాను. వెనక్కొచ్చిన ఆంటీ మా ఇద్దర్నీ చూసి తనూ మొదలెట్టింది. పెళ్లయిన ఆరు నెలల్లో నేనూ అత్తయ్యా కలిసి నవ్వడం అదే మొదటిసారి. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

కళ్లు తుడుచుకున్నాక అత్తయ్య, ఆ కొరికిన ముక్కే వెలిగించి చూపించమంది. బొగ్గుల కింద పెట్టి అగ్గిపుల్ల గీశాను. నిలకడగా మండింది. కాసేపటికి బొగ్గులు ఎర్రబడ్డాయి. ఎవరూ ఊదలేదు. ఆంటీ తనకూ నాలుగు కావాలంది, తినడానికి కాదని కూడా చెప్పింది. అత్తయ్య మాత్రం లోపలికెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి కుంపటి చల్లగా ఉంది. ఆవిడకి ఒంట్లో బాగోలేదేమోనని కంగారుగా గదిలోకి తొంగి చూశాను. రజాయి బొంతలోంచి ముక్కు మాత్రమే కనిపిస్తోంది.

“నీళ్లు కాగేక లేపమ్మా” అంది కళ్లు తెరవకుండా. “నువ్వున్నావు కదా, నాకేటి జల్దీ.”