బాగ్దాద్ ఫోటోలో అవ్వ కొడుకు

ఇరాక్ యుద్ధం గురించి గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. మా పెనుకొండ మాట ఎందులోనూ లేదు గనుక ఇది రాస్తున్నాను. మొన్న పాత పేపర్ల వాసనకు గుర్తొచ్చింది.

నియంత కూలిన వార్తను గ్రంథాలయం అరుగు మీద నేనే అందరికీ చదివి వినిపించాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

"పీడ పోయిందిలేప్పా," అన్నాడు నారప్ప మామ.

"పరాయోడొచ్చి కూలదోస్తే నీకేం సంబరమబ్బా?" అన్నాడు రసూల్ మామ.

హుసేనమ్మవ్వ కొడుకు కువైట్‌లో లారీ తోలేవాడు. నెలగా ఫోన్ లేదు. చూపు ఆనని ఆ అవ్వ, కూలిన విగ్రహం చుట్టూ మూగిన జనం ఫోటో మీద వేలు పెట్టింది. "మావోడు ఈ జనంలో ఉండాడేమో చూడు పాపా."

గల్ఫంతా ఒకటే ఊరనుకున్నాను. చదువుకున్నదాన్ని, తెలియదనడం నామోషీ అనిపించి ఒక మీసాలాయన్ను చూపించాను.

అవ్వ ఆ ముఖాన్ని నిమిరింది. "శానా చిక్కిపోయినాడు," అంది.

కొన్నాళ్లకు కొడుకు ఫోన్ చేశాడు. తాను బాగ్దాద్ ముఖమే చూడలేదన్నాడట.

ఓపిగ్గా విన్న నారప్ప మామకు, రసూల్ మామకు, నా అబద్ధాన్ని ఎన్నడూ ఎత్తిచూపని హుసేనమ్మవ్వకు కృతజ్ఞతలు.