నిండిపోయిన మెయిల్ నుంచి జవాబు

దయ్యాలు గియ్యాలు అంటే నాకు నవ్వొస్తుండె. చచ్చినోళ్లకు మన ఎనుక తిరుగుడు తప్ప పని లేదా అని మొకం మీదనే అడుగుతుంటి. ఇప్పుడు కూడా గా మాట ఎనుకకు తీసుకోను. అయిందైతే అయినట్టు చెప్త.

కల్వకుర్తిల మాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. మా ఆయన నడుపుతుండె. చుట్టు ఊర్ల నుంచి గొర్లు కాసేటోళ్లు, రైతులు పిల్లల దరఖాస్తులు పెట్టనీకి వస్తుండిరి. ఈమెయిల్ ఉన్నదా అంటే గదేందన్నా అంటుండిరి. ఈ మనిషి అందరికీ తన మెయిలే రాస్తుండె. "ఏమన్న వస్తే నేనే ఫోన్ చేస్త, ఫికర్ చెయ్యకుండ్రి" అంటుండె. గింతమంది పిల్లల బతుకులు ఒక్క మెయిల్‌ల పెడ్తవా అని నేను తిడితే నవ్వుతుండె.

ఒకనాడు గుండె ఆగి పోయిండు. సెంటర్ నా నెత్తిన పడ్డది. ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఆయనకు తప్ప ఎవ్వరికీ తెల్వది. ఆయన ఫోన్ నంబర్ కూడా బందయింది. ఎంత కొట్టుకున్నా మెయిల్ తెరుచుకోలే.

కొన్ని నెలలకు లక్ష్మి ఏడ్చుకుంట వచ్చింది. గొర్లు కాసేటోళ్ల పిల్ల. నర్సింగ్ కాలేజీకి మా ఆయనతోనే దరఖాస్తు పెట్టించుకున్నది. దోస్తుకు పిలుపొచ్చింది, ఈమెకు రాలే.

"చిన్నమ్మా, ఈసారి సీటు పోతే మా బాపు ఇగ చదివియ్యడు."

ఆమె ముంగటనే కాలేజీకి ఫోన్ చేసిన. ఆఫీసుల మేడం చూసి, మేం పంపిన మెయిల్ తిరిగొచ్చిందమ్మా, అవతల జాగ నిండిపోయిందట అన్నది. జాగ నిండితే కొత్త మెయిల్ లోపలికి రాదు, లోపలి నుంచి బయటికి కూడా పోదట. నాకు గప్పుడే ఎరుకైంది. ఇగ అయిపాయె అనుకున్న.

మళ్ల ఆ మేడమే అన్నది, "కానీ మీ జవాబు వచ్చింది కదా. అందుకే సీటు ఆపినం."

ఏం జవాబు? జర చదువమ్మా అన్న.

"మా బిడ్డ వస్తది సారూ. జర ఆగుండ్రి, సీటు తియ్యకుండ్రి."

ఆయన మెయిల్ నుంచే. మొన్న మొన్ననే వచ్చిందట. గా మాట తీరు నాకు ఎరుకే. మాకు పిల్లలు లేరు. ఏ ఆఫీసుకు ఫోన్ చేసినా ఊరోళ్ల పిల్లలను మా బిడ్డ అనే చెప్పుకుంటుండె. ఫోన్ పెట్టినంక నేనూ లక్ష్మీ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చినం.

పిల్ల కాలేజీల చేరింది. నల్గొండల కంప్యూటర్ల పని చేసే మా తమ్ముడు, ఎవరన్న పాస్‌వర్డ్ తెలిసినోళ్లు పంపి ఉంటరక్కా అన్నడు. నిండిన మెయిల్ నుంచి ఎట్ల పంపిండ్రురా అని అడిగిన.

ఒకనాడు సెంటర్‌ల ఎవ్వరూ లేనప్పుడు, నా ఫోన్ నుంచి ఆయన మెయిల్‌కు "తిన్నవా?" అని రాసిన. టక్కున తిరిగొచ్చింది. జాగ లేదట! నాకు మస్తు కోపమొచ్చింది. ఊరోళ్ల పిల్లల కోసం దొరికిన జాగ పెండ్లానికి దొరకలేదా అని ఎదురుంగున్న ఆయన కంప్యూటర్‌నే తిట్టిన.

లక్ష్మి సీటు కోసం ఆ జవాబు ఎట్ల పోయిందో నాకు ఇయ్యాల్టికీ తెల్వది. మధ్యాహ్నం బువ్వ తినే ముందు మాత్రం రోజూ ఆయనకు రాస్త.