గన్నేరు వరస

పురానాపూల్ దగ్గరి గల్లీలో చంద్రమ్మ ఇంటి గోడ పొడవునా ఇరవై అడుగుల పూలమడి ఉండేది. వెనక ఎత్తుగా ఎర్ర గన్నేరు, దాని ముందు నూరువరహాలు, ఆ ముందు కనకాంబరాలు, అన్నిటికన్నా కింద బిళ్ళగన్నేరు. ఏ నెలలో చూసినా ఏదో ఒక వరస పూసే ఉండేది. ముప్ఫై ఏళ్ళు పార్కులో మాలి పని చేసిన మనిషికి ఏ మొక్క ముందు ఏది నాటాలో ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే ఈ నాలుగింటినీ ఆమె అందం చూసి ఎంచుకోలేదు.

పెళ్ళైన కొత్తలో గులాబీ పెట్టింది. భర్త శివయ్య తాగొచ్చి దాన్ని పీకి, ఆ ముళ్ళకొమ్మతోనే ఆమె వీపు చీరాడు. చామంతి పెడితే తొక్కాడు. ఆ తర్వాత పార్కులో నరికి పారేసిన గన్నేరు కొమ్మలు తెచ్చి గుచ్చింది. శివయ్య విరిచాడు, తన్నాడు, ఒకసారి మరిగే నీళ్ళు పోశాడు. అది మళ్ళీ చిగురు వేసింది. దెబ్బ తిన్నాక కూడా పూసేదే తన గోడకు పనికొస్తుందని అప్పుడు తేల్చుకుంది. శివయ్య లివర్ చెడి చనిపోయేనాటికి మడి నిండింది.

గన్నేరుతో ఒకటే భయం. ఆకు, కొమ్మ, పాలు అన్నీ విషం. ఎదురిల్లు ఈశ్వరయ్యది, ఆయనకు మూడు బర్రెలు. గల్లీలో ఆడవాళ్ళంతా గంజి, కూరగాయల తొక్కులు, వాడిన ఆకుకూర ఆయన గేటు పక్కనున్న కుడితి తొట్టిలో వేస్తారు. అందుకే వానలు తగ్గాక గన్నేరు నరికినప్పుడల్లా చంద్రమ్మ ఒక్క ఆకు మిగలకుండా ఏరి, సంచి మూతి కుట్టి, తన చేత్తోనే చెత్త ఆటోలో వేసేది.

ఈసారి నరికిన రోజే జ్వరమొచ్చి పడుకుంది. కోడలు స్వీటీ కాపురానికొచ్చి రెండు నెలలు. పచ్చగా ఉన్నదంతా తొట్టిలోకి పోతుందని గల్లీని చూసి నేర్చుకుంది. బర్రెలకు నమలడం తేలికవుతుందని కొమ్మలను చిన్న ముక్కలు చేసి మరీ, సొరకాయ తొక్కులతో కలిపి వేసింది.

మర్నాడు పొద్దున, అందరికన్నా ముందు ఆ తొట్టిలో మూతి పెట్టిన పెద్ద బర్రె కొట్టం ముందు కూలబడింది. కాళ్ళు తన్నుకుంటూ, నోట నురగ కక్కుతూ, తలను బండకేసి కొట్టుకుంది. కొమ్ము విరిగి నెత్తురు కాలవలోకి పారింది. అరగంటలో చచ్చింది. ఈశ్వరయ్య తొట్టిలో చెయ్యి పెట్టి కెలికి, గుప్పెడు ఆకుతో, రెండో చేతిలో కర్రతో చంద్రమ్మ గేటు తన్నుకుని వచ్చాడు. చంద్రమ్మ కొడుకు డానియేలు డ్యూటీకి పోయాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరే.

"ఎవలేసిన్రు గిది?"

చంద్రమ్మకు చూడగానే అర్థమైంది. చెట్టు తనదని నోరు తెరిచేలోపే స్వీటీ ముందుకొచ్చింది.

"నేనే ఏసిన బాబాయ్. ఇషమని నాకెరుక లేదు."

"ఎరుక లేదంట. దాని గొంతుల చెయ్యి పెట్టి తీస్తవా మల్ల?"

కర్ర లేచింది. గోడవారన ఉన్న ఖుర్పీ చంద్రమ్మ చేతికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కలుపు తీసే ఆ చిన్న పార ఈశ్వరయ్య మణికట్టులో దిగింది. ఆయన కర్రను ఎడమ చేతికి మార్చుకుని ఆమె ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

తర్వాత ఆయన ఇంటికెళ్ళి, మణికట్టుకు గుడ్డ చుట్టుకుని గొడ్డలి తెచ్చాడు. గన్నేరును మొదలంటా నరికాడు. కింది వరసలు కాళ్ళ కింద పడ్డాయి, పడనిచ్చాడు. స్వీటీ అడ్డం పోబోతే చంద్రమ్మ మంచి చేత్తో కొంగు పట్టి లాగింది. నరికిందంతా గల్లీలోకి ఈడ్చి, కొట్టం ముందు కుప్పేసి, బండిలోంచి తీసిన పెట్రోలు పోసి అంటించాడు.

పచ్చికొమ్మలు సరిగా మండలేదు, పొగ లేచింది. గాలి కొట్టం వైపుకు వీస్తోంది. లోపల మిగిలిన రెండు బర్రెలూ కట్టేసి ఉన్నాయి.

చంద్రమ్మ లేచి కుప్ప దగ్గరికి వెళ్ళింది. నిప్పుల్లో కాలు పెట్టి కుప్పను తన్నింది. తన చెట్ల కోసమే వచ్చిందనుకుని ఈశ్వరయ్య ఆమెను జుట్టు పట్టి బండ మీదికి విసిరాడు. ఆమె మోకాళ్ళు ఊని లేచి మళ్ళీ తన్నింది.

"పొగ గూడ ఇషమే ఈశ్వరన్నా. నీ బర్లు లోపలున్నయ్. ఇడిపియ్ పో."

ఆయన కొట్టం వైపు చూశాడు. తర్వాత పరుగెత్తాడు. రెండూ దగ్గుతూ బయటికొచ్చాయి. స్వీటీ బకెట్లతో నీళ్ళు తెచ్చి కుప్ప మీద గుమ్మరించింది.

ఈశ్వరయ్య బర్రెలను పొగకు దూరంగా కట్టేశాడు. క్షమించమని అడగలేదు, ఆమె కూడా అడగలేదు. చివరికి గడ్డపార తెచ్చి మడిలో పడేశాడు.

"ఏర్లుంటే మల్ల లేస్తది."

"లేస్తది. నాకెరుకనే," అంది చంద్రమ్మ. "గన్నేరు నేనే తవ్వుత. కింది మూడు వరసల జోలికి మాత్రం రాకు."

ఆయన బర్రెల దగ్గరికి పోయాడు. దవాఖానకు పోదామని స్వీటీ బతిమాలింది. ఇది అయ్యాకే అంది చంద్రమ్మ. కాలిన పాదంతో, ఒంటిచేత్తో గడ్డపార ఎత్తలేకపోయింది. స్వీటీ రెండో వైపు పట్టుకుంది. ఎత్తి దించిన ప్రతిసారీ అత్త పళ్ళు బిగించింది. నలిగిన నూరువరహాల కొమ్మను కాలితో పక్కకు జరిపి, తర్వాతి మోడు పక్కన గడ్డపార దించమని కోడలికి చోటు చూపించింది.